సొనోరన్ ఎడారి విషజీవులు: సాలీడు, తేలు, పాము చేసే హాని ఎంత?

సంక్షిప్తంగా: అమెరికాలోని అరిజోనా, కాలిఫోర్నియా రాష్ట్రాల నుంచి మెక్సికోలోకి విస్తరించిన సొనోరన్ ఎడారిలో విషపు సాలీళ్లు, తేళ్లు, పాములు, ఒక విషపు బల్లి కూడా ఉన్నాయి. వాటి విషాలు నిజంగానే శక్తిమంతమైనవి. అయినా మరణాలు మాత్రం చాలా తక్కువ. విషం బలానికీ మనిషికి కలిగే ముప్పుకూ మధ్య మోతాదు, వయసు, చికిత్స అందే సమయం అనే మూడు అంశాలు అడ్డు నిలవడమే దీనికి కారణం. జనం ఎక్కువగా భయపడే జీవులు, ఎక్కువ హాని చేసే జీవులు ఒకటి కాకపోవడం ఈ ప్రాంతంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఎడారి, దాని మధ్య నగరాలు

సొనోరన్ ఎడారి విస్తీర్ణం సుమారు 2,60,000 చదరపు కిలోమీటర్లు. సగ్వారో అనే నిలువెత్తు జెముడు చెట్లు పెరిగే ఈ నేల, ఎడారుల్లో జీవవైవిధ్యం ఎక్కువగా ఉన్న వాటిలో ఒకటి. శీతాకాలంలో ఒకసారి, జూలై నుంచి సెప్టెంబరు వరకు మరోసారి వానలు పడటం వల్ల ఇక్కడ పురుగులకు, వాటిని తినే జీవులకు కొరత లేదు. అదే ఎడారిలో ఫీనిక్స్, టూసాన్ వంటి పెద్ద నగరాలు పెరిగాయి. ఒక్క ఫీనిక్స్ నగర పరిసరాల్లోనే దాదాపు 50 లక్షల మంది నివసిస్తున్నారు.

ఎడారి జీవులకు అంత ఘాటైన విషం ఎందుకన్న ప్రశ్నకు సాధారణంగా చెప్పే సమాధానం ఆహారపు కొరత. ఎర ఎప్పుడో ఒకసారి ఎదురవుతుంది కాబట్టి, అది తప్పించుకునేలోగా దాన్ని కదలకుండా చేయగలిగితేనే వేటాడే జీవికి మనుగడ. ఇది కొంతవరకే నిజం. విషం తయారుచేసుకోవడానికి శరీరం చాలా శక్తి ఖర్చు పెట్టాలి. అందుకే ఈ జీవులు దాన్ని పొదుపుగా వాడతాయి. తినడానికి పనికిరాని మనిషి లాంటి పెద్ద జంతువు మీద విషం వృథా చేయడం వాటికి నష్టమే. నలిగిపోతున్నప్పుడు, దారి లేనప్పుడు మాత్రమే కరుస్తాయి లేదా కుడతాయి. కాట్లలో అత్యధికం చెయ్యి చూడకుండా పెట్టిన చోట, కాలు చూడకుండా వేసిన చోట జరగడానికి మూలం ఇక్కడే ఉంది.

బ్లాక్ విడో: ఒకప్పుడు పెరటి మరుగుదొడ్డి సమస్య

నిగనిగలాడే నల్లటి శరీరం, పొట్ట అడుగున డమరుకం ఆకారంలో ఎర్రటి మచ్చ ఉండే బ్లాక్ విడో సాలీడును గుర్తుపట్టడం కష్టం కాదు. అరిజోనాలో ఉండేది ఈ జాతిలో పశ్చిమ అమెరికా రకం. మనిషికి హాని చేయగలిగేది ఆడ సాలీడే. మగది చాలా చిన్నది, దాని కోరలు ప్రమాదకరం కావు.

ఈ విషంలో ప్రధానమైన ఆల్ఫా లాట్రోటాక్సిన్ నాడీతంతువుల చివర్లకు అతుక్కుని అక్కడి పొరలో రంధ్రాలు చేస్తుంది. వాటి గుండా కాల్షియం లోపలికి దూసుకుపోవడంతో, నాడి తన దగ్గర నిల్వ ఉన్న సంకేత రసాయనాలన్నింటినీ ఒక్కసారిగా గుమ్మరిస్తుంది. ఫలితంగా కండరాలు బిగుసుకుపోతాయి, చెమటలు పోస్తాయి, రక్తపోటు పెరుగుతుంది. కాటు పడిన చోట పెద్దగా వాపు ఉండకపోవచ్చు. గంట గడిచేసరికి నొప్పి వీపుకు, పొట్టకు పాకి, పొట్ట చెక్కలా గట్టిపడుతుంది. దీన్ని అపెండిసైటిస్ వంటి ఉదర సమస్యగా వైద్యులు పొరబడిన సందర్భాలు ఉన్నాయి. బాధ ఒకటి నుంచి మూడు రోజుల వరకు ఉంటుంది. ఆ బాధ తీవ్రమైనదే, కానీ మరణం అత్యంత అరుదు.

20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ కాట్లకు పేరుమోసిన చోటు పెరట్లో కట్టుకునే చెక్క మరుగుదొడ్డి. ఈగలు ఎక్కువగా వచ్చే ఆ చోట, కూర్చునే పలక అడుగున సాలీడు గూడు అల్లుకునేది. మరుగుదొడ్లు ఇంట్లోకి వచ్చాక ఆ తరహా కాట్లు తగ్గిపోయాయి. సాలీడు స్వభావం మారలేదు, మనిషి కూర్చునే చోటు మారింది. ఇప్పుడు అది నీటి మీటరు పెట్టెల్లో, ఇటుక గోడల సందుల్లో, ఆరుబయట వేసిన కుర్చీల అడుగున స్థిరపడింది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు గమనించిన ప్రకారం, మనిషి అలికిడి లేని ఎడారిలో కన్నా నగరంలోనే ఈ సాలీళ్లు గుంపులుగా, చిక్కగా ఉంటాయి. ఇళ్ల తోటలకు పెట్టే నీరు, దీపాల చుట్టూ చేరే పురుగులు వాటికి ఎడారిలో దొరకనంత తిండిని సమకూరుస్తున్నాయి.

ఈ కాటుకు గుర్రపు రక్తంనుంచి తీసిన విరుగుడు మందు ఉన్నా, దానివల్ల అరుదుగా ప్రాణాంతక అలర్జీ రావచ్చు. అందువల్ల చాలామంది వైద్యులు ముందుగా నొప్పి మందులు, కండరాల బిగువు తగ్గించే మందులతో చికిత్స చేసి, తీవ్రమైన కేసులకే విరుగుడును కేటాయిస్తారు. కాటు కన్నా మందు ఎక్కువ ప్రమాదం కాకూడదన్నది ఇందులోని లెక్క.

గోధుమరంగు సాలీడు మీద పడే నింద

మానని పుండు కనిపిస్తే "బ్రౌన్ రెక్లూజ్ కరిచింది" అనుకోవడం అమెరికాలో చాలా చోట్ల ఉన్న అలవాటు. నిజానికి బ్రౌన్ రెక్లూజ్ సాలీడు సహజ నివాసం అమెరికా మధ్య, దక్షిణ రాష్ట్రాలు. అరిజోనా దాని పరిధిలో లేదు. ఇక్కడ ఉండేది దాని దగ్గరి బంధువైన అరిజోనా గోధుమ సాలీడు. అది ఎక్కువగా ఎండిన జెముడు మొక్కల కింద, ప్యాక్‌రాట్ అనే ఎలుకలు పోగుచేసిన చెత్త గూళ్లలో ఉంటుంది. ఇళ్లలోకి రావడం తక్కువ.

ఈ కుటుంబపు సాలీళ్ల విషంలో ఉండే స్ఫింగోమైలినేజ్ డి అనే ఎంజైము కణాల పొరలను దెబ్బతీసి, కొన్ని కాట్లలో చర్మం చచ్చిపడేలా చేయగలదు. కాబట్టి ముప్పు కట్టుకథ కాదు. కాని దాన్ని ఎన్నిసార్లు అకారణంగా నిందిస్తున్నారో చెప్పడానికి కాన్సాస్ రాష్ట్రంలోని ఒక ఇంటి ఉదాహరణ చాలు. 2001లో ఆ ఇంట్లో ఆరు నెలల పాటు సాలీళ్లను పట్టి లెక్కిస్తే 2,055 బ్రౌన్ రెక్లూజ్‌లు దొరికాయి. అందులో కాపురముంటున్న కుటుంబంలో ఒక్కరినీ అవి కరిచిన దాఖలా లేదు. ఈ లెక్కను ప్రచురించిన వారిలో ఒకరైన రిక్ వెట్టర్ అనే సాలీళ్ల శాస్త్రజ్ఞుడు, బ్రౌన్ రెక్లూజ్ లేని రాష్ట్రాల్లో సైతం దాని కాట్లు నమోదవుతున్న తీరును ఏళ్ల తరబడి ఎత్తిచూపారు.

తప్పు నిర్ధారణ వల్ల సాలీడుకు చెడ్డపేరు రావడం చిన్న విషయమే. అసలు నష్టం రోగికి. మందులకు లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా చీముగడ్డలు, మధుమేహపు పుండ్లు, ఒక్కోసారి చర్మపు క్యాన్సర్ కూడా సాలీడు కాటు పేరుతో చలామణి అయి, సరైన చికిత్స ఆలస్యమవుతుంది. సాలీడు కరవడం కళ్లారా చూడకపోతే, పుండును బట్టి దాన్నే దోషిగా తేల్చడం సరికాదు.

బెరడు తేలు: అసలు జాగ్రత్త పడాల్సింది దీనితోనే

అరిజోనాలో పదుల రకాల తేళ్లు ఉన్నా, ప్రాణహాని కలిగించగల తేలు ఒక్కటే. బార్క్ స్కార్పియన్ అని పిలిచే ఈ బెరడు తేలు అమెరికా దేశపు తేళ్లన్నింటిలో అత్యంత విషపూరితమైనది. లేత పసుపు రంగులో, సన్నటి తోకతో, 5 నుంచి 8 సెంటీమీటర్ల పొడవుంటుంది. నల్లగా, లావుగా కనిపించే పెద్ద తేలును చూస్తే భయం కలుగుతుంది. ప్రమాదం మాత్రం పీలగా ఉండే ఈ పసుపు తేలుతోనే. మిగతా తేళ్లు నేలలో బొరియలు తవ్వుకుంటే ఇది గోడలెక్కుతుంది, పైకప్పుకు తలకిందులుగా వేలాడుతుంది. అందుకే పక్క దుప్పటిలో, చెప్పుల్లో, తువ్వాలు మడతలో, పిల్లల ఉయ్యాలలో ఎదురవుతుంది.

దీని విషం, నాడీకణపు పొరలో సోడియం లోపలికి వెళ్లే ద్వారాలైన సోడియం మార్గాల మీద పనిచేస్తుంది. నాడి గుండా సంకేతం పోవాలంటే ఈ మార్గాలు తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. విషం వాటిని మూసుకోనివ్వదు కాబట్టి నాడి ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటుంది. కుట్టిన చోట వాపు, ఎరుపు దాదాపు కనిపించవు. వేలితో తట్టితే మాత్రం ప్రాణం పోయినంత నొప్పి. పెద్దవాళ్లలో చాలామందికి మంట, తిమ్మిరి, జోము వచ్చి ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతాయి. పసిపిల్లల పరిస్థితి వేరు. అదే మోతాదు విషం చిన్న శరీరంలో పంచుకోవాల్సి రావడంతో కళ్లు అదుపు లేకుండా తిరగడం, నాలుక వణకడం, నోట్లోంచి చొంగ కారడం, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలై, ఊపిరి తీసుకోవడమే కష్టం కావచ్చు. మాటలు రాని బిడ్డ రాత్రివేళ హఠాత్తుగా గుక్కపట్టి ఏడుస్తూ కళ్లు తేలవేస్తుంటే, తేలు కనబడకపోయినా దాన్ని అనుమానించి ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.

ఈ విషానికి లొంగని జీవి కూడా అదే ఎడారిలో ఉంది. గ్రాస్‌హాపర్ మౌస్ అనే చిన్న ఎలుక బెరడు తేళ్లను వేటాడి తింటుంది. 2013లో ఆష్లీ రోవ్ బృందం సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఈ ఎలుక నొప్పి నాడుల్లోని ఒక సోడియం మార్గంలో మార్పు వచ్చింది. తేలు విషం ఆ మార్గానికి అతుక్కోగానే నొప్పి పెరగాల్సింది పోయి, నొప్పి సంకేతమే ఆగిపోతుంది. ఇతర జంతువులను విలవిల్లాడించే విషం దీనికి మత్తుమందులా పనిచేస్తోందన్నమాట. కొత్త నొప్పి మందుల కోసం వెతికేవారికి ఈ పరిశోధన మీద ఆసక్తి కలగడం సహజం.

విరుగుడు ఉంది, ధర సంగతి?

అరిజోనాలో తేలు విషానికి చాలాకాలం పాటు మేకల రక్తంనుంచి తయారైన విరుగుడు వాడేవారు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో తయారైన ఆ మందుకు కేంద్ర స్థాయి అనుమతి లేదు, రాష్ట్రం లోపలే వాడుకునేవారు. దాని తయారీ ఆగిపోయి నిల్వలు అడుగంటాక, తీవ్రంగా విషమెక్కిన పిల్లలకు గట్టి మత్తుమందులిచ్చి, కొందరిని వెంటిలేటరు మీద ఉంచి, విషం దిగేదాకా కాచుకుని కూర్చోవడమే దారి అయింది.

మెక్సికోలో తేలుకాట్లు ఏటా లక్షల్లో ఉంటాయి. అక్కడ గుర్రాలనుంచి తయారుచేసిన మెరుగైన విరుగుడును గ్రామీణ వైద్యశాలల దాకా చేర్చి మరణాలను బాగా తగ్గించగలిగారు. ఆ మందునే టూసాన్‌లో పరీక్షించి, 2009లో ఫలితాలు ప్రచురించారు. పరీక్షలో పాల్గొన్నది 15 మంది పిల్లలే. మందు పొందిన 8 మందీ నాలుగు గంటల్లో కోలుకోగా, ఉత్తుత్తి మందు పొందిన ఏడుగురిలో ఒక్కరికే అలా తగ్గింది. సంఖ్య చిన్నదైనా తేడా అంత స్పష్టంగా ఉండటం అరుదు. 2011 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనాస్కార్ప్ పేరుతో దానికి అనుమతి ఇచ్చింది.

ఇక్కడే కథ వైద్యం నుంచి డబ్బు వైపు మళ్లింది. మెక్సికోలో సుమారు 100 డాలర్లకు దొరికే సీసా, సరిహద్దు దాటి అమెరికా ఆస్పత్రికి చేరేసరికి 3,500 డాలర్లు దాటింది. రోగి బిల్లులో అది 10,000 డాలర్లను మించిన సందర్భాలు ఉన్నాయి. చికిత్స మూడు సీసాలతో మొదలవుతుంది. పరీక్షలకు నాయకత్వం వహించిన డాక్టర్ లెస్లీ బోయర్ 2015లో ఈ ధరను విడదీసి చూపారు. ఆ విశ్లేషణలో బిల్లులో దాదాపు 70 శాతం ఆస్పత్రులు కలుపుకునే మొత్తమే. మందు తయారీకి అయిన అసలు ఖర్చు ఒక శాతంలో పదోవంతు మాత్రమే. బిల్లుకు జడిసి ఆస్పత్రికి వెళ్లడం వాయిదా వేసే కుటుంబానికి, మందు ఉండీ లేనట్టే. విష చికిత్సలో శాస్త్రం సాధించిన దాన్ని ధర వెనక్కి లాగడం ఇంత స్పష్టంగా కనిపించే ఉదాహరణలు తక్కువ.

గిలక పాములు

తోక చివర గిలక్కాయలా మోగే రాటిల్‌స్నేక్ రకాలు అరిజోనాలో 13 ఉన్నాయి. మరే అమెరికా రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఎక్కువగా ఎదురయ్యేది వెస్టర్న్ డైమండ్‌బ్యాక్. దీని విషం రక్తనాళాల గోడలను, కండరాన్ని జీర్ణం చేస్తుంది, రక్తం గడ్డకట్టే శక్తిని చెడగొడుతుంది. మొహావీ రాటిల్‌స్నేక్ మరింత ఆసక్తికరమైనది. ఒకే జాతి పాము అయినా, కొన్ని ప్రాంతాల్లో దాని విషం నాడీ సంకేతాలను ఆపేస్తుంది. మరికొన్ని ప్రాంతాల్లో, ముఖ్యంగా ఫీనిక్స్, టూసాన్ల నడుమ, రక్తస్రావం కలిగించే రకంగా ఉంటుంది.

ఇక్కడ మూడు నాడీ విషాలను పక్కపక్కన పెట్టి చూడటం ఉపయోగకరం. బ్లాక్ విడో విషం నాడిలోని నిల్వను ఒక్కసారిగా ఖాళీ చేయిస్తుంది. బెరడు తేలు విషం నాడిని ఆగనివ్వదు. మొహావీ పాము విషం అసలు సంకేతమే వెలువడనివ్వదు. గమ్యం ఒకటే అయినా దారులు వేరు. విషంలోని పదార్థాలూ వేరు కాబట్టే ఒకదాని విరుగుడు మరొకదానికి పనిచేయదు.

అమెరికా మొత్తంలో ఏటా 7,000 నుంచి 8,000 మందిని విషసర్పాలు కాటేస్తే, మరణించేవారు సుమారు ఐదుగురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ప్రపంచవ్యాప్తంగా పాముకాటు మరణాలు ఏటా 81,000 నుంచి 1,38,000. ఈ వ్యత్యాసానికి అమెరికా పాములు సాధువులు కావడం కారణం కాదు. కాటు పడిన చోటు నుంచి విరుగుడు ఉన్న ఆస్పత్రికి పట్టే సమయమే ప్రధాన కారణం. గొర్రెలనుంచి తయారైన క్రోఫ్యాబ్ 2000 నుంచి, గుర్రాలనుంచి తయారైన అనావిప్ ఆ తర్వాత అందుబాటులోకి వచ్చాయి. దాదాపు నాలుగో వంతు కాట్లలో పాము విషం దించదు కూడా. అయితే ఆ సంగతి తేల్చాల్సింది ఆస్పత్రిలో కొన్ని గంటల పరిశీలన మాత్రమే.

పాము పిల్లే పెద్ద పాము కన్నా ప్రమాదకరమన్న ప్రచారానికి ఆధారం లేదు, పెద్ద పాము దగ్గర ఉండే విషమే ఎక్కువ. అలాగే కాటు పైన బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, మంచు పెట్టడం మేలు చేయకపోగా కీడు చేస్తాయి. కణజాలాన్ని కుళ్లబెట్టే విషాన్ని కట్టుతో ఒకే చోట బంధిస్తే ఆ అవయవమే పోవచ్చు. ఉంగరాలు, గాజులు తీసేసి, కదలికలు తగ్గించి, బయలుదేరడమే చేయగలిగిన పని.

రూపం చూసి భయపడేవి

అరచేయంత ఉండే టరాంట్యులా సాలీడు విషం మనిషికి తేనెటీగ కుట్టినంతే. అది పొట్ట మీది నూగు విసిరితే కంట్లో పడకుండా చూసుకోవాలి, అంతే. ఆడ టరాంట్యులా 20 ఏళ్లకు పైగా బతుకుతుంది. వానాకాలపు సాయంత్రాల్లో రోడ్డు దాటుతూ కనిపించేవి జత కోసం తిరిగే మగవి. సన్ స్పైడర్ పేరులో సాలీడు ఉన్నా అది సాలీడు కాదు, దానికి విషం లేదు. ఎడారి జెర్రి కరిస్తే నొప్పి గట్టిగానే ఉంటుంది. టరాంట్యులాను వేటాడే పెద్ద కందిరీగ కుడితే కలిగే నొప్పిని, టూసాన్‌లో పనిచేసిన కీటక శాస్త్రజ్ఞుడు జస్టిన్ ష్మిట్ తన నొప్పి కొలమానంలో అత్యున్నతమైన నాలుగో స్థాయిలో ఉంచారు. ఆ నొప్పి కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది, హాని మిగలదు. నొప్పి ఎక్కువైతే ప్రమాదమూ ఎక్కువే అనుకోవడం ఎంత పొరపాటో ఈ కందిరీగ చెబుతుంది.

గిలా మాన్‌స్టర్ అనే లావుపాటి విషపు బల్లి మనిషి జోలికి దాదాపు రాదు. 1952 నుంచే అరిజోనా చట్టం దీనికి రక్షణ ఇస్తోంది. దాని విషంలో 1992లో జాన్ ఎంగ్ కనుగొన్న ఎక్సెండిన్-4 అనే పదార్థం ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్‌కు 2005లో మధుమేహ చికిత్స కోసం అనుమతి లభించింది. మధుమేహానికి, బరువు తగ్గడానికి నేడు విస్తారంగా వాడుతున్న జీఎల్‌పీ-1 తరహా మందుల్లో మార్కెట్లోకి వచ్చిన మొదటిది అదే.

లెక్కల్లో ముందున్నవి వేరు

అమెరికాలో 2011 నుంచి 2021 వరకు తేనెటీగలు, కందిరీగలు కుట్టి 788 మంది మరణించారు, అంటే ఏడాదికి సగటున 72 మంది. పాములు, సాలీళ్లు, తేళ్లు కలిసినా ఆ సంఖ్య దరిదాపులకు రావు. వీటిలో చాలా మరణాలకు మూలం విషం మోతాదు కాదు, కొందరి శరీరం దానికి చూపే తీవ్రమైన అలర్జీ. దీనికి తోడు, 1957లో బ్రెజిల్‌లో పరిశోధకుల చేతుల్లోంచి తప్పించుకున్న ఆఫ్రికా తేనెటీగల సంతతి 1993లో అరిజోనాకు చేరింది. ఒక్కో ఈగ విషం మామూలు తేనెటీగ విషం లాంటిదే. కానీ తుట్టెను కదిపితే పదుల బదులు వందల ఈగలు లేచి, చాలా దూరం వెంటాడతాయి. పరుగెత్తి తలుపులు మూసుకోగల చోటికి చేరడమే రక్షణ.

వీటన్నింటినీ మించినది ఎండ. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో 2023లో వేడి సంబంధిత మరణాలు 645. ఆ వేసవిలో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు ఉష్ణోగ్రత 43.3 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు పైన నమోదైంది. పాముకాటు వార్త అవుతుంది, కూలర్ చెడిపోయిన ఇంట్లో ఒంటరి వృద్ధుడి మరణం అంతగా కాదు. ఎడారిలో ప్రమాదాన్ని గురించి రాసేటప్పుడు ఈ తేడాను పక్కన పెట్టడం న్యాయం కాదు.

ఎండకూ విషజీవులకూ సంబంధం కూడా ఉంది. మిట్టమధ్యాహ్నపు నేల మీద పాము గానీ తేలు గానీ ఎంతోసేపు బతకలేదు. అందుకే మండువేసవిలో అవి రాత్రి వేళకు మారతాయి. మనుషులు చేసేదీ అదే. నడక, కుక్కను తిప్పడం, తోటపని అన్నీ పొద్దు వాలాకే. ఎండ ఇద్దరినీ ఒకే గంటల్లోకి నెట్టడం వల్ల వేసవి సాయంత్రాల్లో ఎదురుపడటం పెరుగుతుంది. తేళ్ల శరీరం అతినీలలోహిత కాంతిలో ఆకుపచ్చగా మెరుస్తుంది కాబట్టి, ఆ కాంతినిచ్చే చిన్న టార్చితో పెరటి గోడను, ఉయ్యాల చుట్టూ నేలను ఒకసారి చూసుకోవచ్చు. ఉయ్యాలను గోడకు ఆనించకుండా జరపడం, రాత్రి బయట విడిచిన బూట్లను తొడిగే ముందు దులపడం, చీకట్లో ఒట్టికాళ్లతో గుమ్మం దాటకపోవడం అక్కడి ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాట్లు.